చెవిన వేసుకోండి: చిన్న ఇంటర్‌ఫేస్, లైవ్ రికార్డింగ్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి. లాప్‌టాప్‌కు తగిలించి, రెండు మైకులు గుచ్చి, సంచీలో వేసుకుని ఎక్కడికైనా పట్టుకుపోగలిగే చవక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగైంది. మిగతావాళ్ల సందేహాల్లో కొన్ని దాంతోనే తీరతాయి గనుక కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, రెండు మైకులు పెట్టుకునే చిన్న ఇంటర్‌ఫేస్ ఒకటి కొన్నాను. వేరే కరెంటు అక్కర్లేదు, లాప్‌టాప్ మీదే నడుస్తుంది. వచ్చే నెల ఒక చిన్న హాల్లో నా గాత్రం, వయొలిన్‌తో రెండు గంటల కార్యక్రమం ఉంది. దాన్ని ఇందులోనే రికార్డు చేయాలనుకుంటున్నాం. ఇంట్లో మాట్లాడి చూస్తే బాగానే వినపడుతోంది. అంతటితో నమ్మేయొచ్చా?
— ఒక గాయని

జవాబు: ఇంట్లో మాట్లాడి చూస్తే ఏ డబ్బా అయినా బాగానే వినపడుతుందండీ. మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది, గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే గుబ్బ) సగం కూడా తిప్పం, ఐదు నిమిషాల్లో ఆపేస్తాం. మీ కార్యక్రమంలో వయొలిన్ మైకు మీటరు దూరంలో ఉండొచ్చు, గెయిన్ బాగా పైకి తిప్పాల్సి రావచ్చు, రెండు గంటలు ఆగకుండా నడవాలి. కాబట్టి పరీక్ష కూడా అలాగే ఉండాలి.

నా బల్ల మీదికి ఏ ఇంటర్‌ఫేస్ వచ్చినా అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో వేసిన 24/192 (24 బిట్, 192 కిలోహెర్ట్జ్, అంటే శబ్దాన్ని ఎంత సన్నగా, సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో చెప్పే అంకెలు) జోలికి ముందు పోను. మొదట చూసేది వెనకాల ఉన్న యూఎస్‌బీ సాకెట్. రికార్డింగ్ మొదలుపెట్టి, ప్లగ్గును వేలితో పైకీ కిందికీ పక్కలకీ మెల్లగా కదుపుతాను. ఈమధ్య చూసిన ఒక చవక ఇంటర్‌ఫేస్‌లో, ప్లగ్గు కొంచెం ఎడమకు ఒరగగానే ముందున్న పచ్చ లైటు ఒక్కసారి రెప్ప కొట్టి మళ్లీ వెలిగింది. అంతే. లాప్‌టాప్ లెక్కలో మాత్రం ఆ పరికరం ఊడిపోయి మళ్లీ తగులుకుంది, రికార్డింగ్ ఆగిపోయింది. తెర మీద చిన్న హెచ్చరిక పెట్టె ఒకటి వచ్చింది. వేదిక పక్క చీకట్లో దాన్ని ఎవరు చూస్తారు? కేబుల్ మార్చి అదే పని మళ్లీ చేశాను, లైటు చలించలేదు. లోపం ఇంటర్‌ఫేస్‌ది కాదన్నమాట, దానితోపాటు ఇచ్చిన కేబుల్‌ది. మీరూ ఇది చేసి చూడండి. ప్లగ్గు గట్టిగా పట్టుకునే పొట్టి కేబుల్ ఒకటి, అలాంటిదే ఇంకొకటి సంచీలో అదనంగా పెట్టుకోండి. హాల్లో కేబుల్‌ను ఒక చుట్ట చుట్టి బల్లకు టేపు వేస్తే, ఎవరి కాలికి తగిలినా ఆ లాగుడు సాకెట్ దాకా రాదు.

రెండోది కరెంటు. యూఎస్‌బీ 2.0 సాకెట్ ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపులు, అంటే రెండున్నర వాట్లు. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌ను డబ్బా ఈ 5 వోల్టుల్లోంచే పుట్టించుకోవాలి. ప్రమాణం ప్రకారం ఒక్కో మైకు 10 మిల్లీయాంపుల దాకా లాగవచ్చు. రెండు మైకులకు కలిపి దాదాపు ఒక వాటు. వోల్టేజి పెంచేటప్పుడు పోయే నష్టం దీనికి అదనం. మిగిలిన దాంట్లోనే శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు, హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ బతకాలి. అందుకే ఒక్క మైకుతో బాగున్న డబ్బా, రెండు కండెన్సర్లు పెట్టి హెడ్‌ఫోన్ గట్టిగా పెట్టగానే చిటపటలాడొచ్చు. పరీక్షించేటప్పుడు రెండు మైకులూ పెట్టండి, ఫాంటమ్ వేయండి, లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. మల్టీమీటర్ ఉంటే ఒక చానల్‌లో మైకు ఉంచి, రెండో చానల్ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైకు వైరు) చివర 1, 2 పిన్నుల మధ్య, తర్వాత 1, 3 మధ్య డీసీ వోల్టేజి చూడండి. 44 నుంచి 52 లోపు ఉంటే సరే. ఇంతకీ ఈ 48 ఎక్కడిదంటే, నార్వే ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే స్టూడియోల్లో అత్యవసర దీపాలకు 48 వోల్టుల సరఫరా ముందే ఉండేది. 1966లో జర్మనీ మైకుల కంపెనీ నాయ్‌మన్ వాళ్లకు మైకులు చేసిచ్చేటప్పుడు ఆ సరఫరానే వాడుకుంది. ఆ దీపాల వోల్టేజే ఇప్పటికీ మన మైకుల్లో తిరుగుతోంది.

మూడోది, నా దృష్టిలో అసలైనది: గెయిన్, దాంతోపాటు వచ్చే సుయ్‌మనే చప్పుడు. షూర్ ఎస్‌ఎమ్58 లాంటి డైనమిక్ (ఫాంటమ్ అక్కర్లేని) మైకు 94 డీబీ శబ్దానికి ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. మామూలు కండెన్సర్ అదే శబ్దానికి 10 మిల్లీవోల్టులో, అంతకన్నా ఎక్కువో ఇస్తుంది. తేడా దాదాపు 15 డీబీ. అంటే వయొలిన్‌కు దూరంగా డైనమిక్ మైకు పెడితే ఆ 15 డీబీ ఇంటర్‌ఫేసే పూడ్చాలి. చవక వాటిలో గెయిన్ గుబ్బ మూడొంతుల దాకా నెమ్మదిగా పెరిగి, ఆఖరి కొసలో ఒక్కసారిగా ఎగబాకుతుంది. చప్పుడు కూడా అక్కడే పైకి లేస్తుంది. ఇంట్లో ఫ్యాన్ ఆపి, వయొలిన్ మైకును కార్యక్రమంలో పెట్టబోయే దూరంలోనే పెట్టి, వయొలిన్ వాయించేవారి చేత అతి మెల్లని చోటు వాయింపించి రికార్డు చేయండి. తర్వాత వినేటప్పుడు స్వరాల మధ్య ఖాళీల్లో ఏం వినపడుతోందో గమనించండి. ఆ సుయ్ మీ చెవికి అడ్డం రాకపోతే మీ పనికి ఆ డబ్బా చాలు.

లెక్క కావాలన్న వాళ్లకు ఒక దారి ఉంది. 150 ఓముల రెసిస్టర్‌ను ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో 2, 3 పిన్నుల మధ్య అతికి గుచ్చండి, గెయిన్ పూర్తిగా తిప్పి ఖాళీగా రికార్డు చేయండి. మాన్యువల్‌లో మైక్ ఇన్‌పుట్ గరిష్ఠం +9 డీబీయూ (వోల్టేజిని చెప్పే డెసిబెల్ లెక్క), గెయిన్ పరిధి 56 డీబీ అని ఉందనుకుందాం. అప్పుడు పూర్తి గెయిన్ దగ్గర మీటరు సున్నా అంటే −47 డీబీయూ. మీ ఖాళీ రికార్డింగ్ సగటు −80 చూపిస్తే, మైకు కొస దగ్గర లెక్కగట్టిన చప్పుడు −127 డీబీయూ. ఆ రెసిస్టర్ వేడి వల్ల పుట్టే చప్పుడే −131 దగ్గర ఉంటుంది, దానికన్నా కిందికి ఎవరూ పోలేరు. −125 నుంచి −128 వస్తే చవక డబ్బాకు చాలా మంచి మార్కులు వేస్తాను. −120 కన్నా పైకి వస్తే దాన్ని దగ్గర మైకులకే వాడతాను.

ఆఖరిది ఓర్పు పరీక్ష. రెండు గంటల కార్యక్రమానికి రెండున్నర గంటలు ఆపకుండా రికార్డు చేయండి. నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తే మధ్యలో తెగినా తెలియదు. ఫోన్‌లోంచి 1 కిలోహెర్ట్జ్ స్థిరమైన స్వరాన్ని లైన్ ఇన్‌పుట్‌కు (మైకుకన్నా గట్టి సిగ్నళ్ల కోసం ఉండే దారి) ఇవ్వండి. తర్వాత ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపేది) చూపు పెడితే, ఆ స్వరం ఒక అడ్డగీతలా సాఫీగా సాగుతుంది. ఎక్కడైనా శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన ఒక్కో అంకె) జారిపోతే అక్కడ పై నుంచి కింది దాకా సన్నని నిలువు గీత పడుతుంది. రెండున్నర గంటల ఫైలును కూర్చుని వినక్కర్లేదు, కంటితో ఒక చూపు చాలు. గీతలు కనిపిస్తే ముందు వైఫై ఆపండి, స్లీప్ తీసేయండి, విండోస్ అయితే పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి, బఫర్ (కంప్యూటర్ ఒక్కసారి పోగుచేసుకునే శాంపిళ్ల సంఖ్య) 512కో 1024కో పెంచండి. మీరు వినేది ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటర్ (కంప్యూటర్ దాకా వెళ్లకుండా డబ్బాలోంచే వినే ఏర్పాటు) ద్వారా అయితే పెద్ద బఫర్ వల్ల ఇబ్బందేమీ లేదు.

లెవెల్ గురించి ఒక్క మాట. రిహార్సల్లో మీ గొంతు ఎంత ఎత్తుకు వెళ్లినా మీటరు −18 దాటకుండా పెట్టుకోండి. జనం ముందు మీరు ఇంకా గట్టిగా పాడతారు, అప్పుడు శిఖరాలు −12 చుట్టూ ఉంటాయి. 24 బిట్‌లో అంత జాగా వదిలినా పోయేదేమీ లేదు.

ప్రశ్న: అక్కా, మా కాలేజీ ప్రోగ్రామ్‌లో మిక్సర్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు తెచ్చి ఇంటర్‌ఫేస్‌లో పెట్టాను. గెయిన్ సున్నాలో ఉన్నా సౌండు పగిలిపోయింది. ఇంటర్‌ఫేస్ పాడైందా? పైగా పాట తప్ప డ్రమ్స్, గిటారు దాదాపు వినపడలేదు.
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: పాడవలేదు తమ్ముడూ, వైరు వెళ్లిన దారి వేరు. నీ డబ్బా ముందున్న కాంబో సాకెట్‌ను ఒకసారి దగ్గరగా చూడు. మధ్యలో పావు అంగుళం జాక్‌కు పెద్ద కన్నం, దాని చుట్టూ ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మూడు చిన్న కన్నాలు. మామూలుగా చిన్న కన్నాల్లోకి వెళ్లింది మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్‌కు పోతుంది, పెద్ద కన్నంలోకి వెళ్లింది లైన్ ఇన్‌పుట్‌కు పోతుంది. మిక్సర్ మామూలు లెవెలే +4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. డ్రమ్ దెబ్బ పడ్డప్పుడు అది +20కి, అంటే ఏడున్నర వోల్టులు పైకి పోగలదు. నీ మైక్ ఇన్‌పుట్ గరిష్ఠం +9 అయితే అది తట్టుకునేది 2.2 వోల్టులే. గెయిన్ సున్నాలో ఉన్నా అక్కడే పగులుతుంది. అలా పగిలినదాన్ని కంప్యూటర్‌లో తర్వాత ఎంత తగ్గించినా పగులు పోదు.

ఒక కొస ఎక్స్‌ఎల్‌ఆర్, రెండో కొస పావు అంగుళం టీఆర్‌ఎస్ జాక్ ఉన్న కేబుల్ తీసుకో. జాక్ పెట్టేముందు 48 వోల్టుల బటన్ ఆపు. గిటారు కోసం ఉండే ఇన్‌స్ట్రుమెంట్ బటన్ కూడా ఆపి ఉండాలి. ఇంకా ఎక్కువగా వస్తుంటే సౌండ్ ఆపరేటర్‌ను మర్యాదగా అడిగి అక్కడే తగ్గించమను. ఆ రోజు హాల్లో అతనికి ఉన్న తలనొప్పుల్లో నీది ఆఖరిది, కార్యక్రమానికి గంట ముందే అడుగు.

డ్రమ్స్ వినపడకపోవడానికి కారణం వేరే. చిన్న హాల్లో డ్రమ్స్, గిటారు ఆంప్ వాటంతట అవే జనానికి గట్టిగా వినపడతాయి, కాబట్టి ఆపరేటర్ వాటిని మిక్సర్‌లో పెద్దగా పెట్టడు. స్పీకర్లకు సాయం కావాల్సింది గొంతుకే. నీ ఫైలులో ఉన్నది హాల్లో విన్న శబ్దం కాదు, హాలుకు ఆపరేటర్ కలిపిన భాగం మాత్రమే. మందు ఏమిటంటే, మిక్సర్ నుంచి మోనో ఫీడ్ ఒక చానల్‌లోకి, హాల్లో పెట్టిన కండెన్సర్ మైకు రెండో చానల్‌లోకి తీసుకో. వాటిని తర్వాత కలుపుకో. ఫాంటమ్ బటన్ రెండు చానళ్లకూ ఒకటే అయితే కంగారు పడకు, చాలా ఇంటర్‌ఫేసుల్లో ఆ 48 వోల్టులు ఎక్స్‌ఎల్‌ఆర్ కన్నాలకే వెళ్తాయి, జాక్‌కు వెళ్లవు. అయినా నీ మాన్యువల్‌లో చూసుకుని ఆ తర్వాతే బటన్ వెయ్యి.

రెండూ యథాతథంగా కలిపితే ప్రతిధ్వనిలా వస్తుంది. శబ్దం సెకనుకు 343 మీటర్లు నడుస్తుంది, మైకు స్పీకర్లకు 10 మీటర్ల దూరంలో ఉంటే ఆ ట్రాక్ 29 మిల్లీసెకన్లు వెనకబడి ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 1,400 శాంపిళ్లు. మొదలుపెట్టే ముందు వేదిక మీది మైకు ముందు ఎవరిచేతనైనా ఒక్క చప్పట్టు కొట్టించు. రెండు ట్రాకుల్లోనూ ఆ ముల్లు కనపడుతుంది, వెనకబడ్డ హాలు మైకు ట్రాకును ఎడమకు జరిపి ముల్లుకు ముల్లు కలుపు.

బుయ్‌మనే హమ్ వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకు. పోకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటరో డీఐ బాక్సో (రెండు వైపుల ఎర్త్‌ను విడదీసే పెట్టె) పెట్టు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఎవరైనా చెబుతారు. నిజంగానే పోతుంది, కానీ ఎక్కడైనా లీకేజీ ఉంటే ఆ కరెంటు మైకు పట్టుకున్న వాళ్ల ఒంట్లోంచి పోవచ్చు. ఆ పని చేయకు, చేయనివ్వకు.

ప్రశ్న: 192 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే మరింత స్పష్టంగా వస్తుందా?

జవాబు: లైవ్‌కు 48 చాలు, 24 బిట్ మాత్రం వదలకండి. 48 కిలోహెర్ట్జ్ మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ దాకా అంతా పట్టుకుంటుంది. 192కి వెళ్తే ఫైలు నాలుగింతలు, లాప్‌టాప్ మీద భారం దాదాపు అంతే, తెగిపోయే అవకాశం దానికి తగ్గట్టు. హాల్లో ఏసీ మోత వినపడుతుండగా చెవికి అందని అల్ట్రాసోనిక్‌ను జాగ్రత్త చేయడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ప్రశ్న: లాప్‌టాప్ మోయలేను మేడమ్. అదే ఇంటర్‌ఫేస్‌ను ఫోన్‌కు పెట్టుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: పెట్టుకోవచ్చు, ఇంటర్‌ఫేస్ “క్లాస్ కంప్లయంట్” అయి ఉండాలి, అంటే ప్రత్యేక డ్రైవర్ లేకుండా నడిచేది. ఆండ్రాయిడ్‌లో యూఎస్‌బీ ఆడియో 2014లో వచ్చిన 5.0 నుంచి ఉంది. ఐఫోన్‌లో 2023 నాటి 15 నుంచి యూఎస్‌బీ-సీ నేరుగా ఉంటుంది. అంతకుముందు వాటికి కెమెరా అడాప్టర్ కావాలి, అదీ చార్జింగ్ కన్నం ఉన్నదైతే మేలు.

అసలు చిక్కు కరెంటుతోనే. ఫోన్ తన బ్యాటరీలోంచి ఇంటర్‌ఫేస్‌ను పోషించాలి, ఫాంటమ్ వేయగానే కొన్ని ఫోన్లు చేతులెత్తేస్తాయి. కొనేటప్పుడే వెనకాల 5 వోల్టుల కోసం రెండో సాకెట్ ఉందా అని చూడండి. ఉంటే అందులో పవర్‌బ్యాంకు పెట్టుకోండి. కొన్ని పవర్‌బ్యాంకులు కరెంటు తక్కువ లాగుతుంటే పని లేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి, ఇది కూడా ఇంట్లోనే పూర్తి సమయం నడిపి తేల్చుకోవాలి. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. పక్కవాళ్ల ఫోన్లు కూడా మైకు వైర్ల మీద పెట్టనివ్వకండి. 2జీ సిగ్నల్ మీదున్న ఫోన్ సెకనుకు 217 సార్లు చొప్పున కొట్టే బర్రుబర్రు వైర్లలో దూరుతుంది.

ప్రశ్న: హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే రెండుసార్లు వినపడుతోంది. పాడలేకపోతున్నాను.

జవాబు: ఒకటి డబ్బాలోంచి నేరుగా వస్తున్నది, రెండోది కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగొస్తున్నది. 256 బఫర్ అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక వైపుకే 5.3 మిల్లీసెకన్లు. రెండు వైపులా, డ్రైవర్ తీసుకునే అదనం కూడా కలిస్తే పదిహేను దాకా పోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మానిటర్ బటన్ ఆపేసి, ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ ఒక్కటే ఉంచండి.

ప్రశ్న: అమ్మాయీ, నీ జవాబులు చదువుతుంటాను. నా దగ్గర బ్యాటరీలతో నడిచే జేబు రికార్డరు ఉంది. మీట నొక్కితే పని అయిపోతుంది. ఇన్ని వైర్లు, లాప్‌టాపు, అప్‌డేట్లు పెట్టుకుని మీరంతా ఎందుకిన్ని తిప్పలు పడుతున్నట్టు?
— రిటైరైన ఒక రేడియో ఉద్యోగి

జవాబు: బాబాయ్‌గారూ, మీతో నాకు పేచీ లేదు. హాలు శబ్దం ఉన్నదున్నట్టు కావాలంటే, పక్కన చూసుకునే మనిషి లేకపోతే, రికార్డరే మంచిది. ఊడిపోవడానికి దానికి యూఎస్‌బీ వైరే లేదు. 2019లో వచ్చిన జూమ్ ఎఫ్6 రికార్డరు తరహా వాటిలో 32 బిట్ ఫ్లోట్ (లెవెల్ తప్పినా తర్వాత సరిచేసుకోగల పద్ధతి) వచ్చాక లెవెల్ బెంగ కూడా చాలావరకు తీరింది. చవక ఇంటర్‌ఫేసుల్లో ఎక్కువ వాటికి ఆ సౌకర్యం లేదు. విండోస్ సెట్టింగుల్లో 32 బిట్ అని కనపడినా అది ఫైలు పరిమాణమే గాని లోపలి కన్వర్టర్ సంగతి కాదు.

ఇంటర్‌ఫేస్ పనికొచ్చేది, గొంతుకు ఒక మైకు, వాద్యానికి ఒక మైకు విడివిడిగా వాటి దగ్గరే పెట్టి, తర్వాత పాళ్లు మార్చుకోవాలన్నప్పుడు. కార్యక్రమం జరుగుతుండగానే నేరుగా ప్రసారం చేయాలన్నప్పుడు కూడా. పైన ఉత్తరం రాసిన గాయనిగారికి మీ రికార్డరు లాంటిది ఎవరైనా అరువిస్తే, దాన్ని మూడో వరుసలో స్టాండు మీద పెట్టి నడుస్తూ ఉండనివ్వమని చెబుతాను. లాప్‌టాప్ మొరాయిస్తే అది ఆదుకుంటుంది. మొరాయించకపోతే హాలు మైకుగా పనికొస్తుంది. ఒక్కటే, రెండు పరికరాల గడియారాలు అచ్చం ఒకేలా నడవవు, గంట గడిచేసరికి ట్రాకులు కొద్దికొద్దిగా జరిగిపోతాయి. పాట పాటకూ విడిగా కలుపుకోవాలి.

ప్రశ్న: పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగిన కార్యక్రమాన్ని ఒకే ఫైలుగా రికార్డు చేశాను. కొన్ని గంటల తర్వాత భాగం తెరుచుకోవడం లేదు. పోయినట్టేనా?

జవాబు: చాలావరకు పోయి ఉండదు. మామూలు వేవ్ ఫైలు తన పరిమాణాన్ని రాసుకునే చోటు 32 బిట్లే, అందుకే 4 జీబీ దాటితే లెక్క తప్పుతుంది. స్టీరియో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అయితే అది నాలుగు గంటల పైచిలుకు దగ్గర వస్తుంది. ఆ ఫైలుకు ముందు నకలు తీసి, ఆ నకలును ఆడాసిటీలో “రా డేటా” దిగుమతితో తెరవండి. 24 బిట్, రెండు చానళ్లు, 48,000 అని చెబితే మిగతాది వినపడే అవకాశం ఉంది. ఎడమ కుడి తారుమారైనా, బుస్సుమనే చప్పుడొచ్చినా మొదటి బైట్ల సంఖ్యను ఒక్కొక్కటి పెంచి చూడండి. ఇకమీదట ఆర్‌ఎఫ్64 (4 జీబీ దాటినా పట్టే వేవ్ రకం) ఎంచుకోండి, లేదా గంటకో ఫైలుగా విడగొట్టేలా పెట్టుకోండి.